పాద సంరక్షణ

(ప్రక్రియ: వ్యాసం. కాలివేళ్ళ సందుల్లో వచ్చే తామరను, గోళ్ళకు పట్టే పిప్పిని గుర్తించడం, సకాలంలో చికిత్స పొందడం, మళ్ళీ రాకుండా జాగ్రత్తపడడం విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.)

తెలుగు పలుకుబడిలో కాళ్ళకు పెద్ద చోటే ఉంది. భయపడి పారిపోతే 'కాలికి బుద్ధి చెప్పాడు' అంటాం. కయ్యానికి దిగితే 'కాలు దువ్వాడు' అంటాం. లొంగిపోతే 'కాళ్ళబేరానికి వచ్చాడు' అంటాం. పట్టరాని కోపం వస్తే అరికాలి మంట నెత్తికెక్కిందంటాం. మాటల్లో ఇంతగా తలచుకునే కాళ్ళను చేతల్లో మాత్రం మరచిపోతాం. ముఖం రోజుకు పదిసార్లు అద్దంలో చూసుకుంటాం. కాలివేళ్ళ సందులను నెలకొకసారైనా విప్పి చూసుకునేవారు ఎందరు?

బయటినుంచి వచ్చినవారికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వడం మన ఇళ్ళలో పాత మర్యాద. బడినుంచి రాగానే 'కాళ్ళు కడుక్కుని లోపలికి రా' అని అమ్మ అనని ఇల్లు ఉండదు. ఇది చాలా మంచి అలవాటు. కాని ఇందులో సగం పనే జరుగుతోంది. కడిగిన కాళ్ళను, ముఖ్యంగా వేళ్ళ సందులను, పొడిగుడ్డతో తుడుచుకునే అలవాటు మనలో చాలామందికి లేదు. ఆ మిగిలిన తడిలోనే ఈ పాఠంలో చెప్పబోయే రోగం పుడుతుంది.

రోగ కారణం

వానాకాలంలో గోడమీద, నిలవ రొట్టెమీద, తడిసిన తోలుచెప్పుమీద బూజు పట్టడం మీరు చూసే ఉంటారు. పుట్టగొడుగు, బూజు మొదలైనవాటిని శాస్త్రజ్ఞులు శిలీంధ్రాలు అంటారు. వీటిలో పత్రహరితం ఉండదు. కాబట్టి ఇవి మొక్కలవలె తమ ఆహారాన్ని తాము తయారుచేసుకోలేవు. ఇతర పదార్థాల మీద పెరుగుతూ వాటినే తిని బ్రతుకుతాయి.

మన చర్మం పైపొరలో, గోళ్ళలో, వెంట్రుకలలో కెరటిన్ అనే గట్టి మాంసకృత్తు ఉంటుంది. ఈ కెరటిన్‌ను తిని బ్రతికే శిలీంధ్రాలు కొన్ని ఉన్నాయి. ఒంటిమీద గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, దురదపెట్టే తామరకు కారణం ఇవే. ఇవే కాలివేళ్ళ సందుల్లో చేరితే పాదాల తామర, గోళ్ళలో చేరితే పిప్పిగోళ్ళు వస్తాయి. అంటే మూడు పేర్లున్నా శత్రువు ఒక్కటే. వీటిలో ముఖ్యమైనది ట్రైకోఫైటాన్ రూబ్రమ్. దీనిని 1910లో కాస్టెల్లాని అనే ఇటలీ దేశపు వైద్యుడు వర్ణించాడు.

పాదాలే దీనికి ఎందుకు ఇష్టం? శిలీంధ్రానికి కావలసినవి మూడు: తడి, వెచ్చదనం, చీకటి. మూసిన బూట్లలో, తడిసిన మేజోళ్ళలో, ఒకదానికొకటి ఒత్తుకుని ఉండే వేళ్ళ నడుమ ఈ మూడూ దొరుకుతాయి. అందుకే ఈ రోగం తరచు చిటికెన వేలికి, దాని పక్క వేలికి మధ్య ఉన్న ఇరుకైన సందులో మొదలవుతుంది. బూట్లు తొడిగి ఆడే క్రీడాకారులలో ఎక్కువగా కనిపించడంవల్ల దీనికి ఇంగ్లీషులో 'అథ్లెట్స్ ఫుట్' అనే పేరు వచ్చింది. మన ప్రాంతాలలో మాత్రం ఇది ఆటగాళ్ళకన్నా శ్రమజీవులనే ఎక్కువగా బాధిస్తుంది. బురదలో నిలబడి వరినాట్లు వేసే కూలీలు, చేపలు పట్టేవారు, బట్టలు ఉతికేవారు, నూలుకు రంగులద్దేవారు, గిన్నెలు తోమే స్త్రీలు, ఎనిమిది గంటలు బూట్లు విప్పకుండా కాపలా కాసేవారు దీనికి గురవుతుంటారు.

మన చుట్టూ ఉన్న భాషలలో ఈ బాధకు ఉన్న పేర్లు ఈ సంగతినే చెబుతాయి. తమిళులు దీనిని 'సేట్రుప్పుణ్' అంటారు. 'సేఱు' అంటే బురద, 'పుణ్' అంటే మన పుండే. మరాఠీలో దీని పేరు 'చిఖల్యా'. 'చిఖల్' అంటే కూడా బురదే. తెలుగువారు 'కాళ్ళు పాసిపోయాయి', 'వేళ్ళ సందులు ఒరుసుకుపోయాయి' అంటారు. రెండు భాషలవారూ బురదనే నిందించారు. నిజానికి నీళ్ళలో ఎక్కువసేపు నానిన చర్మం మెత్తబడి చిట్లుతుంది. ఆ పగుళ్ళలో శిలీంధ్రాలు, వాటితోపాటు బాక్టీరియా చేరుతాయి. బురద తలుపు తెరుస్తుంది. లోపలికి వచ్చే దొంగ వేరు.

గుర్తించడం ఎలా?

పాదాల తామర మూడు రూపాలలో కనిపిస్తుంది.

మొదటిది వేళ్ళ సందులలో వచ్చేది. చర్మం తెల్లగా నాని, పొరలు పొరలుగా ఊడుతుంది. లోపల ఎర్రగా పచ్చిగా ఉంటుంది. దురద, మంట, ఒక్కొక్కసారి దుర్వాసన ఉంటాయి. చెప్పులు విప్పిన వెంటనే దురద ఎక్కువవుతుంది.

రెండవది అరికాలంతా పరచుకునేది. అరికాలు, మడమ, పాదం అంచులు పొడిబారి, మందమై, సన్నని పిండి చల్లినట్లు పొట్టు రాలుతుంది. దురద అంతగా ఉండదు. అందువల్ల దీనిని చాలామంది ఉత్త కాళ్ళ పగుళ్ళుగా భావించి ఏళ్ళ తరబడి వదిలేస్తారు. రెండు పాదాలతోపాటు ఒక అరచేయి కూడా ఇలాగే పొట్టు రాలుతుంటే తామరను అనుమానించాలి.

మూడవది పొక్కులతో వచ్చేది. అరికాలి గుంటలో చిన్నచిన్న నీటి పొక్కులు లేచి, విపరీతమైన దురద పెడతాయి.

పాదాల తామరను పట్టించుకోకపోతే అది గోళ్ళకు పాకుతుంది. సాధారణంగా ముందు బొటనవేలి గోరు చెడుతుంది. గోరు అంచున పసుపు లేదా గోధుమ రంగు మచ్చ కనిపిస్తుంది. క్రమంగా అది గోరు మొదలువైపు జరుగుతుంది. గోరు దళసరిగా మారి, కింద పొట్టు చేరి, వేలినుంచి విడిపోయి, పెళుసై ముక్కలుగా విరుగుతుంది. ఇదే పిప్పిగోరు.

అయితే చెడిన గోరు ప్రతిదీ శిలీంధ్రంవల్లనే చెడిందనుకోరాదు. పరీక్షించి చూస్తే అటువంటి గోళ్ళలో దాదాపు సగం వాటికే శిలీంధ్రం కారణమని తేలుతుంది. బూటు ఒరిపిడి, దెబ్బ, సోరియాసిస్ అనే చర్మవ్యాధి మొదలైనవి కూడా గోటిని పాడుచేస్తాయి. అందుకే మందు మొదలుపెట్టేముందు పరీక్ష అవసరం. వైద్యుడు గోటి ముక్కనుగాని, గోకి తీసిన పొట్టునుగాని పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి సూక్ష్మదర్శినితో చూస్తాడు. శిలీంధ్రం ఉంటే సన్నని దారపు పోగులవంటి తంతువులు కనిపిస్తాయి. ఇది సులభమైన పరీక్ష.

ఇక్కడ మరొక జాగ్రత్త ఉంది. ఒంటిమీద పాలిపోయిన మచ్చ ఉండి, అది దురద పెట్టక, తాకినా గిచ్చినా స్పర్శ తెలియకపోతే దానిని తామర అనుకుని ఊరుకోకూడదు. అది కుష్ఠువ్యాధి కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులలో దానికి ఉచితంగా మందులిస్తారు. త్వరగా వాడితే వైకల్యం రాకుండా పూర్తిగా నయమవుతుంది.

నిర్లక్ష్యం చేస్తే

'వేలిసందు దురదకు కూడా వైద్యమా?' అని నవ్వేవారున్నారు. ఆ నవ్వు కొందరికి ప్రాణంమీదికి వస్తుంది.

చిట్లిన వేలిసందు దేహానికి తెరచి ఉంచిన తలుపువంటిది. దానిగుండా బాక్టీరియా లోపలికి పోతే కాలు ఎర్రబడి, వాచి, చలిజ్వరం వస్తుంది. మధుమేహం, అంటే చక్కెర వ్యాధి ఉన్నవారిలో పాదాలకు స్పర్శ తగ్గిపోతుంది. పుండు పడినా నొప్పి తెలియదు. తెలిసేటప్పటికి పుండు ముదిరి, వేలునో పాదాన్నో తీసివేయవలసిన స్థితి రావచ్చు.

తీరప్రాంతాలలో నివసించేవారు తెలుసుకోవలసిన మరొక విషయం బోదకాలు. దోమకాటువల్ల వ్యాపించే ఫైలేరియా పురుగులు కాలిలోని రసనాళాలను పాడుచేస్తాయి. అటువంటి కాలుకు బాక్టీరియాను ఎదిరించే శక్తి తగ్గుతుంది. బోదకాలు ఉన్నవారికి అప్పుడప్పుడు గజ్జల్లో బిళ్ళలు కట్టి, కాలు మండుతూ, వణికించే జ్వరం వస్తుంది. పూర్వం ఇది పురుగులవల్లనే వస్తుందనుకున్నారు. కాని చాలావరకు వేళ్ళ సందుల్లోని పగుళ్ళద్వారా చేరిన బాక్టీరియావల్లనే వస్తుందని తరువాత తెలిసింది. జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు మరికాస్త లావెక్కుతుంది. నాలుగు రోజుల కూలి పోతుంది. ఇందుకు వైద్యులు చెప్పే మొదటి మందు చాలా చౌక: రోజూ సబ్బుతో, శుభ్రమైన నీటితో కాలు కడగడం, ప్రతి వేలిసందునూ ఒత్తకుండా తుడిచి ఆరబెట్టడం, తామర ఉంటే పూతమందు వేయడం. ఇంత చిన్న పనితో జ్వరాలు బాగా తగ్గుతాయి.

చికిత్స

వేళ్ళ సందుల తామరకు పూతమందు సరిపోతుంది. క్లోట్రిమజోల్ ఒక శాతం పూతను కడిగి ఆరబెట్టిన పాదానికి రోజుకు రెండుసార్లు, సుమారు నాలుగు వారాలు పూయాలి. టెర్బినఫైన్ ఒక శాతం పూత అయితే ఒకటి రెండు వారాలలో పనిచేస్తుంది. మచ్చ ఉన్నంతమేరకే కాక, దాని చుట్టూ రెండంగుళాల లోపు వరకు మందు రాయాలి. విట్‌ఫీల్డ్ లేపనం చాలా పాతది, చవకైనది. ఇందులో ఆరు శాతం బెంజోయిక్ ఆమ్లం, మూడు శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉంటాయి. అరికాలి మందపాటి చర్మానికి ఇది పనికివస్తుంది. పచ్చిగా ఉన్న చర్మంమీద రాస్తే మండుతుంది.

అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, దురద తగ్గగానే మందు మానడం. దురద తగ్గినా శిలీంధ్రం పూర్తిగా చావదు. వైద్యుడు చెప్పిన గడువు వరకు వాడి తీరాలి.

రెండవ పొరపాటు ఇంతకంటె ప్రమాదకరమైనది. మందుల దుకాణంలో 'దురదకు ఏదైనా ఇవ్వండి' అని అడిగి, స్టెరాయిడ్ కలిసిన పూతను తెచ్చుకోవడం. స్టెరాయిడ్ ఎరుపును, దురదను రెండు రోజుల్లో అణచివేస్తుంది. అందువల్ల రోగం నయమైందనిపిస్తుంది. కాని అది చర్మపు రక్షణశక్తిని కూడా అణచివేస్తుంది కాబట్టి శిలీంధ్రం లోలోపల హాయిగా పెరుగుతుంది. పూత మానగానే రోగం రెట్టింపుగా బయటపడుతుంది. ఇటీవలి కాలంలో మనదేశంలో మామూలు మందులకు లొంగని మొండి తామర ప్రబలడానికి ఈ పూతల విచ్చలవిడి వాడకం కూడా ఒక కారణమని చర్మవైద్యులు చెబుతున్నారు. 2018లో కేంద్రప్రభుత్వం ఇటువంటి స్టెరాయిడ్ పూతలను వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలని నిర్దేశించింది.

పిప్పిగోటికి పైపూత చాలదు. గట్టి గోటిని దాటి మందు లోపలికి చేరదు. తొలి దశలో గోటికి వేసే ప్రత్యేకమైన రంగువంటి మందులు ఉన్నాయి. వాటిని నెలల తరబడి వేయాలి. ముదిరితే టెర్బినఫైన్ మాత్రలు కాలిగోళ్ళకు సాధారణంగా 12 వారాలు వాడతారు. కాలేయం ఆరోగ్యంగా ఉందో లేదో చూసి, వైద్యుడే ఈ మాత్రలు ఇవ్వాలి. మందు ముగిసిన వెంటనే గోరు అందంగా కనిపించకపోతే నిరాశపడకూడదు. కాలిగోరు నెలకు ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. పాత గోరు పోయి బొటనవేలికి కొత్తది పూర్తిగా రావడానికి ఏడాదినుంచి ఏడాదిన్నర పడుతుంది. ఈ రోగంలో మందెంత ముఖ్యమో ఓపిక అంత ముఖ్యం.

ఇంటి వైద్యాల సంగతి కూడా చూద్దాం. ఆషాఢమాసంలో గోరింటాకు పెట్టుకోవడం మన ఆచారం. గోరింటాకులోని రంగు పదార్థానికి శిలీంధ్రాలను కొంత అణచే గుణం ఉన్నట్లు ప్రయోగశాలల్లో తేలింది. వానలు మొదలయ్యే నెలలో ఈ ఆచారం ఉండడం గమనించదగినది. అయితే పట్టిన రోగాన్ని వదిలించడానికి గోరింటాకుగాని పసుపుగాని చాలవు. ఇక కిరసనాయిలు, సున్నం, బ్యాటరీ ఆమ్లం రాయడం కాళ్ళను కాల్చుకోవడమే. గోరుచుట్టుపై రోకటిపోటు అన్న సామెత అటువంటి వారికే తగును.

మిత్రులైన శిలీంధ్రాలు

శిలీంధ్రాలన్నీ శత్రువులు కావు. ముల్లును ముల్లుతోనే తీయాలన్నట్లు, తామరకు మొదటి మాత్ర ఒక బూజునుంచే దొరికింది. 1939లో పెనిసిలియం జాతి బూజునుంచి గ్రిసియోఫల్విన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. దానిని మింగితే చర్మపు తామర తగ్గుతుందని 1958లో తెలిసింది. అంతకుముందు లోపలికి తీసుకునే మందు లేక ఎందరో బాధపడ్డారు.

శిలీంధ్రశాస్త్రంలో ఒక తెలుగువాని పేరు శాశ్వతంగా నిలిచి ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలో ఎన్నో మందుల పరిశోధనకు నాయకత్వం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో కన్నుమూశారు. ఆయన గౌరవార్థం 1953లో కొత్తగా కనుగొన్న ఒక శిలీంధ్రానికి 'సుబ్బరోమైసిస్' అని పేరు పెట్టారు. సొంత ఊరికి దూరంగా ఉండి చదువుకునేవారందరూ తలచుకోదగిన పేరు అది.

రాకుండా చూసుకోవడం

1. కాళ్ళు కడిగిన ప్రతిసారీ వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవాలి. పాదాలకు వేరే తువ్వాలు ఉంచుకోవాలి.
2. ఒకరి తువ్వాలు, మేజోళ్ళు, చెప్పులు, గోళ్ళు కత్తిరించే సాధనం మరొకరు వాడరాదు.
3. మేజోళ్ళు రోజూ మార్చాలి. వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయాలి. నూలువి మంచివి.
4. తడిసిన బూట్లను మరునాడే తొడగరాదు. వీలైనవారు రెండు జతలు మార్చి మార్చి వాడాలి. లేనివారు సాయంత్రం విప్పి గాలికి ఉంచాలి.
5. వసతిగృహాల ఉమ్మడి స్నానాలగదుల్లో చెప్పులు వేసుకోవాలి. రాలిన పొట్టులో శిలీంధ్రం చాలాకాలం బ్రతికి ఉంటుంది.
6. గోళ్ళను అడ్డంగా తిన్నగా కత్తిరించాలి. మూలలు లోతుగా తీయరాదు.
7. పాదాలకు తామర ఉన్నవారు లోదుస్తులకంటె ముందు మేజోళ్ళు తొడుక్కోవాలి. లేకపోతే తామర గజ్జలకు పాకుతుంది.
8. ఇంట్లో ఒకరికి ఉంటే అందరి పాదాలూ చూడాలి. అందరూ ఒకేసారి చికిత్స పొందాలి.

కాలు ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా, చీము కారినా, చక్కెర వ్యాధి ఉన్నవారికి పాదంమీద ఏ చిన్న పుండు పడినా ఆనాడే ఆసుపత్రికి వెళ్ళడం అత్యవసరం.

ఇంట్లో పెద్దవారు వంగి తమ వేళ్ళ సందులు చూసుకోలేరు. చూపు ఆనదు, నడుము వంగదు. నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. 'తాతయ్యా, ఒకసారి కాలు ఇలా చాపు. వేళ్ళ సందులు చూస్తాను' అని అడగడానికి ఇంట్లో ఒక మనుమడో మనుమరాలో చాలు. పెద్దల పాదాలకు నమస్కరించడం మనకు తెలుసు. ఆ పాదాలను కడిగి, తుడిచి, పరీక్షించి చూడడం కూడా అంతటి గౌరవమే. దేహారోగ్యం తలనుంచే కాదు, పాదంనుంచి కూడా మొదలవుతుంది.

అభ్యాసం

I. కఠిన పదాలకు అర్థాలు

శిలీంధ్రం = బూజు, పుట్టగొడుగు జాతికి చెందిన జీవి
తంతువు = దారపు పోగు
దళసరి = మందమైన
పెళుసు = తేలికగా విరిగే గుణం కలది
ప్రబలడం = ఎక్కువగా వ్యాపించడం
విచ్చలవిడి = అదుపులేని
వైకల్యం = అవయవలోపం

II. ఈ క్రింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.

1. కాళ్ళు కడుక్కోవడంలో 'సగం పనే జరుగుతోంది' అని రచయిత ఎందుకన్నారు?
2. 'బురద తలుపు తెరుస్తుంది. లోపలికి వచ్చే దొంగ వేరు' అనే వాక్యాన్ని వివరించండి.
3. పిప్పిగోటికి పైపూత ఎందుకు చాలదు?
4. తామర మచ్చకు, కుష్ఠువ్యాధి మచ్చకు గల భేదమేమిటి?

III. ఈ క్రింది ప్రశ్నలకు పదిహేను వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.

1. వేలిసందు పగుళ్ళను నిర్లక్ష్యం చేస్తే కలిగే ప్రమాదాలను వివరించండి.
2. స్టెరాయిడ్ పూత రోగాన్ని తగ్గించినట్లు కనిపించి ఎలా పెంచుతుందో తెలపండి.

IV. భాషాంశాలు

1. సంధి విడదీసి, పేరు వ్రాయండి: దేహారోగ్యం, అత్యవసరం, శిలీంధ్రాలన్నీ, ఏమిటంటే.
2. నానార్థాలు వ్రాయండి: తామర, సందు, అడుగు.
3. సొంతవాక్యాలలో ప్రయోగించండి: కాలు దువ్వు, కాళ్ళబేరం, కాలికి బుద్ధి చెప్పు, గోరుచుట్టుపై రోకటిపోటు.
4. 'పుండు' అనే తెలుగు మాటకు, తమిళంలోని 'పుణ్' అనే మాటకు పోలిక చూశారు కదా. శరీరభాగాలలో ఇటువంటి పోలిక గల మాటలను తమిళ, కన్నడ భాషలనుంచి అయిదు సేకరించండి.

V. చేయవలసిన పని

1. వేళ్ళ సందులు పాసిపోవడాన్ని మీ ఇంట్లో ఏమంటారో, మీ ఊళ్ళో ఇతర భాషలవారు ఏమంటారో అడిగి పట్టిక తయారుచేయండి. ఆ మాటలకు అర్థం కూడా అడగండి.
2. మీ ఇంటివారందరి పాదాలను వారి అనుమతితో పరిశీలించండి. రోగలక్షణాలు కనిపిస్తే దగ్గరలోని ఆరోగ్యకేంద్రానికి వెళ్ళమని చెప్పండి. చూసిన వివరాలను ఇతరులకు చెప్పకండి.